ఆదివారం పడని వాన

మా మండలంలో పద్నాలుగేళ్లపాటు ఆదివారం వాన పడలేదు. ఈ మాట నోటితో చెబితే మీరు నవ్వుతారు. నేను నోటితో చెప్పలేదు. వారం వారం నా చేత్తో రిజిస్టరులో రాసి, నెలాఖరున కింద సంతకం కూడా పెట్టాను. అది ఏ మండలమో మాత్రం చెప్పను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య బస్సుల్లో తిరిగేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని దాటుకునే పోయుంటారు. అంతవరకు చాలు.

దరఖాస్తులు పెట్టుకునే వయసులో ఉన్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో దరఖాస్తు పెట్టింది ఒక ఇంజనీరింగ్ చదివే అమ్మాయి. కంప్యూటరు గురించి నాకు తెలిసింది తక్కువ, ఆమె చెప్పగా అర్థమైనంత మటుకే చెబుతాను. మిగిలినదంతా నా ఉద్యోగం సంగతి.

నేను మండలాఫీసులో గణాంకాల అధికారిని. పేరు వింటే పెద్దగా ఉంటుంది గానీ, కిటికీ పక్కన ఒక బల్ల, తలుపు సరిగా పడని ఒక బీరువా, అదే నా రాజ్యం. పంటల విస్తీర్ణం, సంత ధరలు, పంట కోత ప్రయోగాలు, ఇంకా ఎవరికీ పట్టని పనులన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. అన్నిట్లోకీ నాకు ఇష్టమైంది వాన లెక్క. ఆఫీసు ఆవరణలో ముళ్లకంచె వేసిన చోట వర్షమాపకం ఉండేది. మేం గేజి అనేవాళ్లం. పైన గరాటు, లోపల సీసా. పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో చేరిన నీళ్లను గీతలున్న గాజు గ్లాసులోకి వంచి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి, ఆ రోజు తేదీ కింద రాయాలి. నిన్న ఎనిమిదిన్నర నుంచి ఈరోజు ఎనిమిదిన్నర దాకా పడినదంతా ఈరోజు లెక్కలోకే వస్తుంది. సీసాలో నీళ్లు లేకపోతే సున్నా. ఇంతే పని.

గేజి చూసేది అటెండరు, రాసేది నేను. అటెండరు ఇంచుమించు నా ఈడువాడే, జమ్మలమడుగు మనిషి. వాళ్ల తాతల కాలం నుంచీ క్రైస్తవులు, ఇంట్లో ఇద్దరు ముగ్గురు టీచర్లు ఉన్నారు. ఈయనకే చదువు అబ్బలేదని తనే చెప్పుకుని నవ్వేవాడు. గ్లాసును కంటికి ఎదురుగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎవరికో పరీక్ష ఫలితం చదువుతున్నట్టు అంకె చెప్పేవాడు. నేను రాసేవాణ్ని.

నా అక్షరాలు బాగుంటాయి. ఈ సంగతి దాచుకోవడం నాకు చేతకాదు. తహసీల్దార్లు మారినా, ఏ కాగితమైనా సాపు రాయాల్సి వస్తే నన్నే పిలిచేవాళ్లు. జిల్లా ఆఫీసులో ఒక పెద్దాయన నా పట్టికను గోడకు అంటించుకున్నాడని విని వారం రోజులు నేల మీద నడవలేదు. ఆ మురిపెంతోనే ప్రతి నెలా వాన పట్టిక పంపే ముందు నా సొంత నోటుపుస్తకంలో ఒక నకలు రాసుకునేవాణ్ని. రిటైరైనప్పుడు రిజిస్టర్లు ఆఫీసులో ఉండిపోయాయి, నోటుపుస్తకాలు నాతో ప్రొద్దుటూరు ఇంటికి వచ్చాయి. ఏడాదికొకటి చొప్పున పద్నాలుగు. మా ఆవిడ రెండుసార్లు వాటిని పాత పేపర్లవాడికి వేయబోయింది. రెండుసార్లూ అడ్డుపడ్డాను.

రిటైరై మూడేళ్లయిన తర్వాత ఒక పొద్దున ఆ అమ్మాయి వాళ్ల నాయనను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పులివెందులలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. వాళ్లది కొండాపురం దగ్గర పునరావాస కాలనీ. ఊరు రిజర్వాయరు కింద పోయింది. నాయన గొర్రెలు కాసే మనిషి, ఇప్పుడు కొంచెం సేద్యం కూడా చేస్తున్నాడు. నన్ను చూసి చేతులు జోడించాడు. ఎక్కడో చూసిన ముఖమే అనిపించింది గానీ, ఆఫీసులో ముప్పై ఏళ్లు కూర్చున్నవాడికి జిల్లాలో సగం ముఖాలు అలాగే అనిపిస్తాయి.

"మండలాఫీసులో అడిగితే మీ గురించి చెప్పినారు సార్. పాత వాన లెక్కలు కావల్లంటే ఆ సార్‌నే అడుగు పో, ఆయనకు తప్ప ఎవురికీ తెల్దు అన్నారు" అంది అమ్మాయి.

నాకు కుర్చీ రెండంగుళాలు పైకి లేచినట్టయింది. టీ పెట్టమని లోపలికి కేకేశాను.

ఆమె చెప్పింది ఇదీ. కాగితాల మీద ఉన్న పాత వాన లెక్కలను కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ ఊళ్లో ఏ ఏడు ఎలా పడిందో చూపించే ఒక ప్రోగ్రాము ఉంది. రాసినవాళ్లు నాలుగైదు దేశాల్లో ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లే ఎక్కువ. లోపలి కోడ్‌కు తాళం వేయకుండా అందరి ముందూ పెట్టారు. ఎవరైనా చదవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదేనట. ఎండాకాలం సెలవుల్లో కొద్దిమంది విద్యార్థులను తీసుకుని, ఒక్కొక్కరికీ దారి చూపే ఒక మెంటర్‌ను ఇచ్చి పని చేయిస్తారు. తీసుకునే ముందు రెండు అడుగుతారు. ఏం చేయదలచుకున్నావో రాసివ్వాలి, దాన్నే ప్రపోజల్ అంటారు; చిన్నదైనా ఒక తప్పు దిద్ది చూపించాలి.

"ఆ ప్రోగ్రాములో దినమంటే అర్ధరాత్రి కాన్నుంచి అర్ధరాత్రి దాకా సార్. మన లెక్కలు ఎక్కిస్తే ఒక దినం అటిటు అయితాండాయి. ఎందుకో నాకు అర్థం కాల్యా."

"ఎనిమిదిన్నర" అన్నాను.

ఆ ఒక్క మాటకు ఆమె కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత గంటసేపు నేనే మాట్లాడాను. గరాటు, సీసా, గ్లాసు, గీతలు, అన్నీ బొమ్మ వేసి చూపించాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరూ నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు. చివర నాకు తెలిసిన ప్రశ్నలు నేనూ అడిగాను.

"అప్లికేషన్‌కు ఫార్వర్డింగ్ లెటర్ ఎవురిస్తారు? ప్రిన్సిపాలా?"

"ఎవురూ అక్కర్లేదు సార్."

"సీలు?"

"సీలు గూడా అక్కర్లేదు."

"మరి నువ్వెవురో వాళ్లకెట్ల తెలుస్తాది?"

"చేసిన పని చూస్తారు సార్. అడిగినదానికి జవాబు చెప్పల్ల. వాళ్లడిగేదీ నేను చెప్పేదీ అంతా ఒక పేజీలో ఉంటాది, అందరికీ కనపడ్తాది."

"అందరికీ అంటే?"

"అందరికీ సార్. ఈపొద్దు మీరు చూడొచ్చు, పదేళ్ల తర్వాత ఎవురన్నా చూడొచ్చు."

నాకు కాస్త భయం వేసింది. మా ఆఫీసుల్లో ఎవరు ఎవరికి ఏం రాసినా అట్ట మధ్య పెట్టి దారంతో కడతాం. అయినా ఆ ఉత్సాహంలో పద్నాలుగు నోటుపుస్తకాలూ తెచ్చి ఆమె ముందు పెట్టాను. దిద్దిన ప్రోగ్రాము సరిగ్గా పనిచేస్తుందని చూపడానికి అసలైన లెక్కలు కావాలి కదా. అంతసేపూ గడప దగ్గర కూర్చున్న వాళ్ల నాయన అప్పుడు ఒక్క మాట అడిగాడు.

"ఆ పుస్తకాల్లో అన్ని దినాలూ ఉండాయా సార్?"

"ఒక్క దినం గూడా పోలేదు" అన్నాను గొప్పగా. ఆయన తలూపి టీ గ్లాసు కింద పెట్టాడు.

నెలన్నర పాటు ఆ అమ్మాయి శని, ఆదివారాల్లో కాలనీకి వచ్చినప్పుడల్లా, మా ఇంటి నుంచి తీసుకుపోయిన నోటుపుస్తకాలు చూసి అంకెలు ఎక్కించింది. దినం ఏ గంటకు మొదలవ్వాలో మనమే చెప్పుకునేలా ప్రోగ్రామును దిద్దింది. నా లెక్కలతో పరీక్షించి, అన్నీ కలిపి పంపించింది. ఫోన్ చేసి, "వాళ్లు బాగుందన్నారు సార్, మీ అంకెలు కూడా పెట్టినా" అని చెప్పింది. పక్కింటివాళ్లకు కూడా ఆ సంగతి చెప్పి వచ్చాను.

గడువు సోమవారంతో ముగుస్తుందనగా శుక్రవారం మధ్యాహ్నం పులివెందుల బస్సు దిగి ఒక్కతే వచ్చింది. కాళ్లు కడుక్కోమన్నా వినకుండా ఫోన్ నా చేతిలో పెట్టింది. తెరమీద ఏడు నిలువు కమ్మీల బొమ్మ ఉంది. సోమవారం, మంగళవారం, అలా వారానికి ఏడు. పద్నాలుగేళ్లలో ఏ వారం నాడు మొత్తం ఎంత వాన పడిందో చూపే బొమ్మ. ఐదు కమ్మీలు ఇంచుమించు ఒకే ఎత్తు. సోమవారం కమ్మీ మిగిలినవాటికి దాదాపు రెండింతలు. ఆదివారం కమ్మీయే లేదు, అక్కడ ఉత్త నేలే.

బొమ్మ పెట్టింది మెంటర్‌గా రాబోయే ఆవిడ. ఎక్కడో మంచు పడే దేశంలో ఉంటుందట. బొమ్మ కింద మర్యాదగానే రాసింది. మేఘాలకు వారాలు తెలియవు కదా, ఈ అంకెలు నిజంగా ఎవరో కొలిచినవా, లేక పరీక్ష కోసం నువ్వు తయారుచేసినవా? తయారుచేసినవైతే చెప్పెయ్, కానీ తయారుచేసినవాటిని కొలిచినవని చెప్పి పెట్టినవారి దరఖాస్తు మేం తీసుకోం. అందరికీ కనిపించే పేజీలోనే అడిగింది.

"నేను పుట్టించినాననుకుంటాండారు సార్" అంది అమ్మాయి. "ఆదివారం వాన ఎందుకు లేదు సార్?"

నేను చెప్పిన మొదటి జవాబు ఇప్పటికీ నన్ను సిగ్గుపడేలా చేస్తుంది. "మన సీమ వానలు అట్లనేమ్మా, యాడ పడ్తాయో ఎప్పుడు పడ్తాయో చెప్పలేం" అన్నాను. ఆమె బొమ్మలో ఆదివారం ఖాళీ మీద వేలు పెట్టి చూపించింది. మా ఆవిడ వంటింటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆదివారం ఆఫీసుకు సెలవు గదా. అటెండరు రాకపోయేవాడు. సోమవారం పొద్దున చూస్తే రెండు దినాలదీ కలిసి ఉండేది. అంతా సోమవారం కింద రాసేది" అని ఒప్పుకున్నాను.

"ఆదివారం కింద సున్నా ఎందుకు రాసినారు?"

"ఖాళీగా పెడితే జిల్లా ఆఫీసోళ్లు పట్టిక తిప్పి పంపుతారు."

ఇది నిజం. ఖాళీ గడి ఉంటే వివరణ అడుగుతారు, సున్నాకు ఎవరూ వివరణ అడగరు. మా కొలువుల్లో అందరికీ తెలిసిన కిటుకు ఇది, నేనొక్కణ్నే కనిపెట్టింది కాదు. నేను వెంటనే తెల్లకాగితం తీసి జవాబు రాసిచ్చాను. సెలవు దినాల్లో కింది సిబ్బంది అందుబాటులో లేనందువల్ల కొన్ని నమోదులు జరగలేదని సవినయంగా తెలియజేయడమైనది. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. పని ఎవరు చేశారో, ఎవరు చేయలేదో తెలియకుండా వాక్యం రాయడం మా ఆఫీసుల్లో అందరికన్నా ముందు నేర్చుకునే విద్య.

అమ్మాయి రెండుసార్లు చదివింది. "ఇందులో ఎవురు చూడలేదో లేదు సార్. వాళ్లడిగేది అదే."

"అటెండరని రాసుకో మరి."

"ఆయన ఉండాడా?"

"జమ్మలమడుగులో ఉండాడు."

"ఆయన్ని అడగకుండా ఎట్ల రాసేది సార్? ఆయన మనవళ్లు గూడా చూస్తారు ఈ పేజీ."

ఆమె హాస్టలుకు తిరిగి పోవాలి. రేపు కాలనీకి పోతానని, సోమవారం పొద్దునలోగా జవాబు పెట్టకపోతే దరఖాస్తు పోయినట్టేనని చెప్పి లేచింది. ఆమె వెళ్లాక నేను మా ఆవిడతో నా బాధ వెళ్లబోసుకున్నాను. ప్రభుత్వ రికార్డు తప్పు రాశానని నా చేత్తో నేనే లోకం ముందు పెడితే, రేపు ఎవడో ఒకడు పిటిషన్ వేస్తే, నా పెన్షన్ ఏం కాను? ఆవిడ అన్నం కలుపుతూ ఒకటే అడిగింది.

"అబద్ధం రాసింది ఆ పిల్లనా, మీరా?"

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆదివారం గడప దాటనివాణ్ని, ఆ ఆదివారం పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కాను. అటెండరు ఇంట్లో లేడు, చర్చికి పోయాడన్నారు. అరుగు మీద కూర్చుని ఎదురుచూశాను. తెల్లచొక్కా, చేతిలో బైబిలుతో వచ్చి నన్ను చూసి పరుగులాంటి నడకతో చేయి పట్టుకున్నాడు. కుశలాలయ్యాక నేను విషయం చెప్పి, "ఆదివారాలు నువ్వు రాకపోయేవాడివి గదా, ఆ సంగతి రాయల్ల. నీకేం ఇబ్బంది ల్యాకుండా రాస్తాలే" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. కోపం కాదు, నన్ను గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూశాడు.

"నేను వస్తానంటి గదా సార్. మర్చిపోయినారా? చర్చి తొమ్మిదిన్నరకు, ఎనిమిదిన్నరకు గేజి చూసి అట్నుంచే పోతానంటి. మీరే వద్దన్నారు."

"నేనా?"

"నువ్వొస్తే నేనొచ్చి రాయల్ల, ఎందుకొచ్చిన తంటా, సోమవారం చూద్దాంలే అన్నారు. ఒకసారి సోమవారం సీసా నిండి కింద డబ్బాలోకి పొర్లింది. ఇది రెండు దినాలది సార్ అని చెప్తి. ఒకటే దినం కింద ఎయ్ అన్నారు."

ఆ మాటలు నావే. ఆయన చెబుతుంటే నా గొంతు నాకే వినిపించింది. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, అప్పటిదాకా నేను నిజంగా మరిచిపోయాను. అటెండరు రాలేదనే నమ్ముతూ వచ్చాను. కొన్నేళ్లపాటు రాసిన సున్నాలు రాసినవాడికి కూడా నిజమైపోతాయని నాకు ఆ అరుగు మీద తెలిసింది. క్షమించమని అడిగాను. "పోనీలేండి సార్, మంది అందరూ అట్లనే చేసినారు. నేను గూడా ఊరకే ఉంటి గదా" అంటూ ఆయన భోజనానికి లేవమన్నాడు. తినబుద్ధి కాలేదు గానీ, తినకుండా వస్తే ఇంకో తప్పు అవుతుందని తిన్నాను.

మధ్యాహ్నం కొండాపురం బస్సు పట్టుకుని కాలనీకి చేరాను. ఒకేలాంటి ఇళ్ల వరసలు, ఇంటింటి ముందూ గొర్రెలకు ముళ్లకంప దొడ్లు. వాళ్ల ఇల్లు కనుక్కోవడానికి ముగ్గురిని అడగాల్సి వచ్చింది. అమ్మాయి లాప్‌టాప్ ముందేసుకుని వాకిట్లో మంచం మీద కూర్చుంది. నాయన మేకకు రొట్ట వేస్తున్నాడు. నేను నిలబడే చెప్పేశాను.

"అటెండరు వస్తానన్యాడు. నేనే వద్దంటి. ఆ ఆదివారాల్లో ఎవురూ చూడలేదు. ఆ సున్నాలు నావి. అట్లనే రాయమ్మా."

నాయన చేతిలోని రొట్ట కింద పెట్టాడు. తర్వాత చేతులు దులుపుకుని లోపలికి పోయాడు. ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడైంది. ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన ఒక కాగితం తెచ్చి నా చేతికిచ్చాడు. విప్పకముందే పోల్చుకున్నాను. అవి నా అక్షరాలు.

మండలాఫీసు ఇచ్చిన ఎండార్స్‌మెంట్ అది, అర్జీకి రాసిచ్చే జవాబు. చాలా ఏళ్ల కిందట ఆయన మేత కోసం గొర్రెలను మా మండలంలోకి తోలుకొచ్చాడు. ఒక శనివారం సాయంత్రం ఉన్నట్టుండి కుండపోతగా వాన పడి వంక పొంగింది. గొర్రెలు వంకలో కొట్టుకుపోయాయి. మందలో సగం పోయింది. సాయం కోసం మా ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాడు. ఆ తేదీన వాన పడిందో లేదో చూసి రాయమని తహసీల్దారు నాకు పంపాడు. నేను రిజిస్టరు తీశాను. శనివారం సున్నా. శనివారం సాయంత్రం పడిన వాన ఆదివారం లెక్కలోకి రావాలి కాబట్టి అదీ చూశాను. ఆదివారం సున్నా. సదరు సమయంలో వర్షపాతం నమోదు కాలేదని రాశాను. అర్జీ కొట్టేశారు.

సోమవారం గడిలో ఎంత పెద్ద అంకె ఉందో రిజిస్టరు తీసినప్పుడు నాకు కనబడకుండా ఉండదు. పక్కనే ఉన్న గడి అది. ఆ రోజు నాకు తెలిసే రాశానా, తెలియక రాశానా అని తర్వాత చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. తెలిసే రాశాననుకుంటాను.

"ఆపొద్దు మీ ముందరే నిలబడి చెప్పినా సార్. నిండు వాన పడిందని. రిజిస్టరులో లేదుపో అన్యారు" అన్నాడాయన. గొంతులో కోపం లేదు.

"ఈ సంగతి ఆపొద్దు మా ఇంటికొచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదప్పా?"

"పాప పనికి వచ్చినా గదా సార్. నా పనికి గాదు."

అమ్మాయి తల దించుకుంది. "ఈ కాగితం నేను ఇంటర్లో ఉన్నప్పుడు చదివినా సార్. మీ నోటుపుస్తకం ఎక్కిచ్చేటప్పుడు ముందు ఆ వారమే చూసినా. శనివారం సున్నా, ఆదివారం సున్నా. నాయనా, నువ్వే తేదీ తప్పు చెప్పింటావు, ఈడ ఇంత బాగా రాసిపెట్టినారు అంటి." తలెత్తకుండానే, "మా నాయన మాట నేను గూడా నమ్మల్యా" అంది.

నా ఉద్యోగ జీవితంలో నాకు తగిలిన దెబ్బ అదొక్కటే. బదిలీలు, మెమోలు, పై అధికారుల చీవాట్లు ఏవీ అంత లోతుకు దిగలేదు. కన్నకూతురు కూడా తండ్రి కళ్లతో చూసిన వానను కాదని నా కాగితాన్ని నమ్మింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. నాయన లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు.

తర్వాత మంచం మీద కూర్చుని రాశాను. తెలుగులో నేను రాస్తే ఆమె ఇంగ్లీషులోకి మార్చింది. వాక్యాలు చిన్నవి. ఆదివారాలు గేజి ఎవరూ చూడలేదు. అటెండరు చూస్తానన్నాడు, వద్దన్నది నేను. ఖాళీ గడికి బదులు సున్నా వేసింది నేను. రెండు రోజుల నీళ్లు సోమవారం కింద రాయించింది నేను. ఆ సున్నా చూపించి ఒక గొర్రెల కాపరి అర్జీ కొట్టేయడానికి రాసిచ్చింది కూడా నేను. ఈ అమ్మాయి ఒక్క అంకె కూడా మార్చలేదు. సవినయంగా అనే మాట ఎక్కడా రాయలేదు. చివర నా పేరు, చేసిన ఉద్యోగం రాశాను.

పంపే మీట నొక్కే ముందు నాకు మళ్లీ పెన్షన్ గుర్తొచ్చింది. "తర్వాత కావల్లంటే తీసేయొచ్చా?" అని అడిగాను.

"తీసేయొచ్చు సార్. తీసేసినారని గూడా కనపడ్తాది."

"అయితే నొక్కు" అన్నాను.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేసింది. ఆ మంచు దేశపు ఆవిడ జవాబు రాసిందట. చెప్పినందుకు నాకు కృతజ్ఞతలు రాసి, ఇలాంటి ఆదివారాలు వాళ్ల దేశపు పాత పుస్తకాల్లోనూ ఉన్నాయంది. ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి ఇన్నాళ్లూ అనుమానపడడమే తప్ప ఏమీ చేయలేకపోయారట. గడువు ముగిసేలోగా ప్రపోజల్ మార్చగలవా అని అమ్మాయిని అడిగింది. ప్రోగ్రాములో వాన గడికి అంకె ఉంది, సున్నా ఉంది. ఎవరూ కొలవని రోజుకు ఏమీ లేదు. ఆ మూడోది ఎలా పెడతావో, రెండు రోజుల నీళ్లు ఒక రోజు కింద పడితే ఎలా గుర్తిస్తావో రాయమంది. అమ్మాయి ఆ రోజు కాలేజీకి పోకుండా సాయంత్రం దాకా రాసి పంపింది. నెల తర్వాత ఎంపికైనవాళ్ల జాబితాలో ఆమె పేరు వచ్చింది. ఫోన్‌లో చెప్పింది మొదట నాకు అర్థం కాలేదు, రెండోసారి అరిచి చెప్పింది.

నా పెన్షన్‌కు ఏమీ కాలేదు. ఎవరూ పిటిషన్ వేయలేదు. ఆ అర్జీని మళ్లీ తెరిపించాలని నేను కాగితాలు పట్టుకుని రెండు ఆఫీసులు తిరిగాను. ఇంత పాతది ఇప్పుడు కుదరదని రాసిచ్చారు. ఎవరు కుదరదన్నారో ఆ వాక్యంలో లేదు.

ఎండాకాలం చివర పని పూర్తయిందని అమ్మాయి కబురు పెడితే మళ్లీ కాలనీకి పోయాను. వాకిట్లో అదే మంచం. నా నోటుపుస్తకం లెక్కలు తెర మీద పెట్టి, ఆ వారం దగ్గర ఆపి, లాప్‌టాప్ నావైపు తిప్పింది. మొదటిది మీరే మార్చండి సార్ అంది. ఆదివారం గడి మీద నొక్కితే మూడు మాటలు కిందికి దిగాయి. మూడోదాన్ని నొక్కాను. సున్నా పోయింది.

తండ్రి మెడ చాచి చూశాడు. "ఇప్పుడేముండాది ఆడ?"

"చూడలేదు అని ఉండాది నాయనా."

ఆయన ఆ గడి మీద వేలు పెట్టాడు. "ఆపొద్దే ఆ మాట రాసింటే సరిపోయేది గదా" అన్నాడు మెల్లగా.

నేను చేయి చాచి ఆ ట్రంకుపెట్టెలోని కాగితం ఇమ్మని అడిగాను. చించేస్తానని చెప్పాను. ఆయన మొట్టమొదటిసారి నన్ను చూసి నవ్వాడు.

"ఉండనీండప్పా. మీ అక్షరాలు శానా బాగుంటాయి."